కుక్క మనస్సు - దాని శిక్షణము

తెలుగున కుక్కను గూర్చిన సామెతలకు కొదువ లేదు. కాని వానిలో దానిని మెచ్చుకొనునది ఒక్కటియైనను దొరకుట కష్టము. "కుక్క తోక వంకర" అందుము. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అందుము. చేతకాని శూరుని "గ్రామసింహ"మని ఎగతాళి చేయుదుము. విశ్వాసమునకు మారుపేరని ఒక నోట పొగడుచునే, కోపము వచ్చినప్పుడు ఎదుటివానిని తిట్టుటకు ఆ పేరే వాడుదుము. వేల ఏండ్లుగా మన గుమ్మమును కాచుకొని పడియున్న ప్రాణి విషయమున మన భాష ఇంత పిసినితనము చూపుట వింతగానే యున్నది.

మన కావ్యము మాత్రము సామెతలకంటె న్యాయముగా నడచినది. నన్నయభట్టారకుడు 11వ శతాబ్దిలో తెనిగించిన ఆదిపర్వమున, కథ ఆరంభమైన కొలదిసేపటికే ఒక కుక్కతల్లి రాజు నెదుట వచ్చి నిలుచును. ఆమె పేరు సరమ, దేవతల కుక్క. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా ఆమె కుమారుడు సారమేయుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. రాజుగారి తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లికడకు పోయి చెప్పుకొనెను. సరమ వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ తప్పును చేయని నా బిడ్డను ఎందులకు కొట్టితిరి? నిష్కారణముగా బలహీనులను బాధించువారికి అనుకొనని వైపునుండి భయములు వచ్చునని చెప్పి ఆమె వెడలిపోయెను. మహాభారతమంతటి గ్రంథమునకు ఆరంభమున కవులు ఈ చిన్న కథ నుంచుట ఊరక జరిగినది కాదని మా తలంపు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకే నేడు శాస్త్రజ్ఞులు సమాధానము వెదకుచున్నారు. కుక్కకు తన తప్పు తెలియునా? కొట్టినచో ఏమి నేర్చుకొనును? కొట్టకుండ నేర్పుట సాధ్యమా? మన బెంగళూరులో ఈ ప్రశ్నలు కేవలము పుస్తకములకు సంబంధించినవి కావు. అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికెవారు 2023లో జరిపిన గణనమున నగర వీథులలో సుమారు 2 లక్షల 79 వేల కుక్కలున్నట్లు తేలినది. ఇండ్లలో పెంచబడునవి ఈ లెక్కలో చేరలేదు. పాఠశాలకు వచ్చు దారిలో, బేకరీ ముందర, బస్సు నిలుచు చోట, ఆటోల నీడలో మనకు నిత్యము కుక్కలు ఎదురగుచునే యుండును. మన విద్యార్థులలో కుక్కను పెంచువారు కొందరు; భయపడువారు పెక్కుమంది; రాయి విసరువారును లేకపోలేదు. ఈ వ్యాసము ఆ మూడు తెగలవారి కొరకు.

మొదట ఈ స్నేహము ఎంత ప్రాచీనమో చూతము. జర్మనీ దేశమున బాన్ నగరము చెంత ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో ఒక పురాతన సమాధి బయటపడినది. సుమారు 14 వేల సంవత్సరముల నాటి ఆ గోతిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క ఎముకలు కనబడినవి. ఆ పండ్లను పరీక్షించిన పండితులు అది ఏడు నెలలకు మించని పిల్లయనియు, కొన్ని వారములపాటు తీవ్రమైన వ్యాధితో బాధపడినదనియు, ఎవరో దగ్గరనుండి సాకకపోయినచో అన్ని దినములు బ్రతికియుండెడిది కాదనియు నిర్ణయించిరి. వేటకు పనికిరాని, కావలికి పనికిరాని జబ్బుకుక్కను ఆనాటి అడవిమనుష్యులు తిండిపెట్టి, కడిగి, వెచ్చగా నుంచి కాపాడిరన్నమాట. వ్యవసాయము ఇంకను పుట్టని కాలమది.

అంత దూరము పోనక్కరలేదు. కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ సంగ్రహాలయమునకు చెందిన ఆతకూరు శిలాశాసనమును చూచినను చాలును. మండ్య జిల్లాలోని ఆతకూరునుండి తెచ్చిన ఈ రాయి క్రీ.శ. 949-50 నాటిది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునికి సామంతుడైన గంగరాజు బూతుగుని కొలువులో మనలరుడను వీరుడుండెను. తక్కోలము యుద్ధమున అతడు చూపిన పరాక్రమమునకు మెచ్చి ప్రభువు వరము కోరుకొమ్మనగా, అతడు ఊళ్లు కోరలేదు, బంగారము కోరలేదు. "కాళి" యను వేటకుక్కను కోరెను. తరువాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందిపై దూకినది. రెండును పోరాడి చచ్చినవి. కాళి జ్ఞాపకార్థము రాయి నాటించి, పూజకై భూమి నిచ్చి, పూజ చేయకుండ భోజనము చేసినచో దోషమని పూజారికి కట్టడి కూడ చేసిరి. రాతిపై కుక్కయు పందియు కలియబడుచున్న బొమ్మ కలదు. హళెగన్నడములో చెక్కబడిన ఆ అక్షరములను కన్నడము నేర్చుచున్న మన పిల్లలు తల వంచి చూచినచో కొన్నింటినైనను పోల్చుకొనగలరు; మన తెలుగు లిపికిని వానికిని చుట్టరికము దగ్గరది.

ఇక అసలు విషయము. కుక్కకు మనస్సు కలదా? కలదనియే 1872లో ఛార్లెస్ డార్విను తలచెను. ప్రాణులు తమ భావములను వెల్లడించు విధమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఆయన కుక్కను మిక్కిలి శ్రద్ధగా వర్ణించెను. శత్రువును చూచిన కుక్క నిలువుగా, బిగువుగా నిలిచి తోక పైకెత్తును. వచ్చినది యజమానుడని తెలిసిన మరుక్షణమున ఒడలు వంగి, చెవులు వెనుకకు వాలి, దేహమంతయు మెలికలు తిరుగును. ఒక భావమునకు వ్యతిరేకభావము కలిగినప్పుడు దేహభంగిమయు సరిగా తలక్రిందులగునని ఆయన చూపెను. 2015లో జపాను శాస్త్రజ్ఞులు మరియొక వింతను కనుగొనిరి. తల్లి బిడ్డను చూచునప్పుడు దేహమున ఆక్సిటోసిన్ అను రసము పెరుగును. పెంచినవారును కుక్కయు ఒకరి కన్నులలోనికి ఒకరు ప్రేమతో చూచుకొనునప్పుడు ఇరువురిలోను ఆ రసమే పెరుగుచున్నదట. సాకిన తోడేళ్లలో అట్టి మార్పు కనబడలేదు.

హంగరీ దేశపు బుడాపెస్టులో శాస్త్రజ్ఞులు కుక్కలకు కదలక పడుకొనుట నేర్పి, యంత్రములో వాని మెదడును పరిశీలించిరి. మెచ్చుకోలు మాటను మెచ్చుకోలు స్వరముతో పలికినప్పుడే మెదడులో సంతోషమునకు సంబంధించిన భాగము బాగుగా చలించినది. ఉత్త మాటను ముభావముగా పలికినను, అర్థము లేని మాటను ముద్దుగా పలికినను అంత ఫలము లేదు. 2016లో ఇది ప్రకటింపబడినది. అనగా కుక్క మాటను వేరుగా, స్వరమును వేరుగా గ్రహించి రెండింటిని కలుపుకొనుచున్నది. మన వీథిలోని కుక్కలు తెలుగింటిలో "రా" అన్నను వచ్చును, ప్రక్కింటిలో "బా" అన్నను పోవును. వానికి భాషావివాదములు లేవు. పిలిచిన గొంతులో ప్రేమ యున్నదా లేదా యని మాత్రము చూచుకొనును.

కాని కుక్కకు మనస్సున్నదని తెలిసినంతమాత్రమున అది మన మనస్సువంటిదే యనుకొనుట పొరపాటు. పెక్కు దెబ్బలకు మూలమిక్కడనే కలదు. ఇంటికి వచ్చునప్పటికి చెప్పు కొరికి ముక్కలై యుండును. యజమానుడు గద్దించును. కుక్క తల వాల్చి, చెవులు ముడిచి, కనుకొసలనుండి చూచును. "చూడుడు, తప్పు చేసినట్లు దానికే తెలియును" అని అందరము అందుము. 2009లో న్యూయార్కులో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అను విదుషి దీనిని పరీక్షించెను. కుక్కను తినవద్దన్న తిండిముక్కతో గదిలో విడిచి యజమానులను బయటకు పంపిరి. మరల లోనికి పిలిచినప్పుడు కొందరికి నిజము, కొందరికి అబద్ధము చెప్పిరి. తప్పు చేసినది, చేయనిది అన్న భేదము కుక్క ముఖమున కనబడలేదు. యజమానుడు గద్దించెనా లేదా యన్నదే కనబడినది. అంతకంటె వింత యేమన, ఏ పాపమును చేయక గద్దింపబడిన కుక్కలే ఎక్కువ దోషులవలె కనబడినవి! మనము అపరాధభావమని చదివినది భయము మాత్రమే. సారమేయుడు జ్ఞప్తికి రాలేదా?

కుక్క ఎట్లు నేర్చునో కొంచెము విచారింతము. రష్యా దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవు జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందెను. తిండి కనబడకముందే, దానికి ముందు వినబడు సవ్వడికే కుక్క నోట నీరూరుటను ఆయన గమనించెను. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయశిక్షణ పొందిన దినములలో ఈ కుక్కను గూర్చి చదివి పరీక్ష వ్రాసినవారమే. ఆ కుక్క సుఖముగా నున్నదా యని మాత్రము ఏ ప్రశ్నపత్రమును అడుగలేదు. దాని సారమిది: ఒక క్షణమున వెంటవెంట కలిగిన రెండింటిని కుక్క ముడివేసికొనును. సాయంకాలము ఆరు గంటలకు కొట్టిన దెబ్బను మధ్యాహ్నము మూడు గంటలకు కొరికిన చెప్పుతో ముడివేసికొనలేదు. ఆరు గంటలకు దాని ఎదుటనున్నది మీరు. కావున దెబ్బకును మీకును ముడి పడును. మీ అడుగుల చప్పుడుకే మంచము క్రింద దూరుట నేర్చుకొనును. చెప్పుల సంగతి దానికి తెలియనే తెలియదు. మరునాడు ఒంటరితనము తోచి మరియొక చెప్పు కొరుకును.

"కుక్కకు మనము యజమానులమని చూపకపోయినచో అది మన నెత్తి నెక్కును" అను మాట ఇప్పటికిని వినబడుచున్నది. దీని పుట్టుక తోడేళ్ల కథలో కలదు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అను పండితుడు బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధింపబడిన తోడేళ్లను చూచి, వానిలో పెత్తనము కొరకు నిరంతరము కలహము జరుగునని వ్రాసెను. అమెరికాకు చెందిన డేవిడ్ మెక్ 1970 నాటి తన గ్రంథమున ఆ భావమును లోకమంతట వ్యాపింపజేసెను. ఆ తరువాత ఆయనయే ఉత్తరధ్రువ ప్రాంతమున స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను అనేక వేసవులు పరిశీలించి, అడవిలోని మంద యనగా తల్లి, తండ్రి, వారి పిల్లలేయనియు, పెత్తనమునకు పోరాటమను మాట తగదనియు 1999లో ప్రకటించెను. పరాయివారినందరిని ఒక్క చెరలో కుక్కినచో మనుష్యులును కలహింతురు. పెద్ద పండితుడు తన పాతమాటను తానే సరిదిద్దినను, కుక్కను వెల్లకిల పడవేసి అదిమిపట్టుట మాత్రము కొందరు శిక్షకులు మానలేదు.

2020లో పోర్చుగల్ దేశమున 92 పెంపుడుకుక్కలపై జరిగిన పరిశోధన ఈ విషయమున చెప్పదగినది. బహుమానములతో నేర్పు పాఠశాలల కుక్కలను, అరపులు, మెడపట్టీ గుంజుట, ఇనుపకొక్కెముల పట్టీలు మొదలైన వానితో నేర్పు పాఠశాలల కుక్కలను పోల్చిచూచిరి. రెండవ తెగ కుక్కలు పాఠ సమయమున మాటిమాటికి ఆవులించుట, పెదవులు నాకుకొనుట, ముడుచుకొనుట చేసినవి. పాఠము ముగిసిన పిదప వాని లాలాజలమున ఆందోళనను సూచించు కార్టిసాల్ పెరిగినది. మరియొక పరీక్షలో, తిండి యున్నదో లేదో తెలియని గిన్నె నెదుట పెట్టగా, మిక్కిలి దండనపు పాఠశాలల కుక్కలు దానికడకు మెల్లగా పోయినవి. ఆశ సన్నగిల్లినదన్నమాట. మంచి జరుగునను నమ్మకమునే అవి పోగొట్టుకొన్నవి. బడి నడుపువారమైన మేము ఈ భాగమును రెండుసార్లు చదివితిమి.

ఇంతకును కుక్కకు ఏమి కావలెను? తిండి, నీరు, నీడ యని చెప్పి ఊరకుందుము. దానికి వానితో సమానముగ కావలసినది తోడు. కుక్క మందప్రాణి, ఒంటరితనము దానికి శిక్ష. మేడపైన గొలుసుతో కట్టి, ఉదయము ఒకసారి, రాత్రి ఒకసారి అన్నము పెట్టి, "రోజంతయు మొరుగుచున్నది" అని విసుగుకొనువారు ఆ మొరుగుటలోని అర్థమును వినుట లేదు. రెండవది ముక్కుకు పని. మనము కన్నులతో లోకమును చదివినట్లు కుక్క ముక్కుతో చదువును. షికారు తీసికొనిపోయి, ప్రతి స్తంభముకడను నిలుచుచున్నదని గొలుసు లాగుట, వార్తాపత్రిక చదువుచున్న తాతగారి చేతినుండి దానిని లాగికొన్నట్లుండును. మూడవది నమలుట. మూడు మొదలు ఏడు నెలల వయస్సులో పాలపండ్లు రాలి కొత్తవి వచ్చునప్పుడు చిగుళ్లు సలుపును. కొరుకదగిన వస్తువు నిచ్చి చెప్పులను బీరువాలో పెట్టుట బుద్ధిమంతుల పని. నాల్గవది నిద్ర. ఎదిగిన కుక్కయు దినములో సగభాగము విశ్రమించును. పిల్లలకు ఇంకను ఎక్కువ కావలెను. ముద్దుగా నున్నదని నిద్రించు పిల్లను చేతులు మార్చి ఎత్తుకొనుచున్నచో అది చిరాకుపడి కరచుట నేర్చును.

వయస్సు మాట వచ్చినది గావున మరియొక సంగతి. స్కాట్, ఫుల్లర్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు చిరకాలము కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథమును ప్రకటించిరి. సుమారు మూడవ వారమునుండి పన్నెండవ వారమువరకు కుక్కపిల్ల మనస్సు మెత్తని మట్టివంటిది. ఆ దినములలో అది చూచిన మనుష్యులు, విన్న చప్పుళ్లు, తొక్కిన నేల జీవితాంతము దానికి పరిచితములై నిలుచును; చూడనివి వింతలై భయపెట్టును. ఎనిమిది వారములైన నిండకుండ తల్లినుండి వేరుచేయుట మంచిది కాదు. తెచ్చిన పిదప కుక్కరు ఈలను, స్కూటరు శబ్దమును, గొడుగును, ముసలివారి చేతికర్రను, పసిపిల్లల కేకలను దూరమునుండి కొద్దికొద్దిగా పరిచయము చేయవలెను. పశువైద్యుని సలహాపై టీకాలు వేయించుట మరువరాదు.

ఇక నేర్పు పద్ధతి. "కూర్చో" అనుటను నేర్పుదమనుకొందము. ఉడికిన కోడిగ్రుడ్డు ముక్కయో, పనీరు ముక్కయో గోరంత తీసికొని కుక్క ముక్కుకు ఎదురుగా పట్టవలెను. దానిని మెల్లగా ముక్కుపైనుండి తల వెనుకవైపునకు జరుపవలెను. ముక్కు పైకి లేచిన కొలది నడుము దానంతట క్రిందికి దిగును. పిరుదులు నేల నానిన ఆ క్షణమున "భేష్" అని ముక్క నోటికి ఇయ్యవలెను. ఆ క్షణముననే, మూడు లెక్కించునంతలో ఆలస్యమైనచో అది అప్పటికే లేచి నిలుచుండును, మీరు లేచుటకు బహుమానమిచ్చినవారగుదురు. వీపుపై చేయి వేసి అదుమరాదు. నాలుగైదుసార్లు చక్కగా జరిగిన తరువాత మాత్రమే "కూర్చో" అను మాటను ముందు చేర్చవలెను. చాలమంది మొదటనే పదిసార్లు మాట పలికి, అది కూర్చుండలేదని కోపించెదరు. దానికి ఆ మాట ఇంకను ఉత్త శబ్దమే గదా! అయిదు నిమిషములకు మించి పాఠము సాగింపరాదు. ఇంట తెలుగు, వీథిలో కన్నడము మాటలాడువారు ఏదో ఒక మాటను నిర్ణయించుకొని, అమ్మ, నాన్న, నాయనమ్మ అందరును దానినే వాడవలెను. ఒకరు "కూర్చో", మరియొకరు "కూతుకో" అన్నచో కుక్కకు రెండు పాఠములగును. బాగుగా వచ్చిన పిదప ప్రతిసారియు తిండి యక్కరలేదు. ఒకసారి ముక్క, ఒకసారి మెడ నిమురుట, ఒకసారి బంతి విసరుట.

పిలిచినప్పుడు వచ్చుట అన్నింటిలో ముఖ్యమైన పాఠము. బళ్లు పరుగిడు మన వీథులలో అది ప్రాణమును కాపాడును. దీనికొక్క నియమము చాలును: కుక్కను పిలిచి తిట్టరాదు. అరగంట ఏడిపించి వచ్చినను, వచ్చినప్పుడు సంతోషమే చూపవలెను. మందు వేయుటకో, స్నానము చేయించుటకో అయినచో మీరే దానికడకు పొండు. మీదికి ఎగబ్రాకు కుక్కను మోకాలితో తన్నుట కూడదు. ముఖము త్రిప్పుకొని కదలక నిలుచుండి, నాలుగు కాళ్లు నేలపై నుంచినప్పుడు పలుకరించవలెను. ఇంటిలో మూత్రము పోసిన పిల్లకు దానిలో ముక్కు రుద్దుట కొందరి ఆచారము. దానివలన అది మీ కంటబడకుండ మూత్రము పోయుట నేర్చును, అంతే. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే బయటకు తీసికొనిపోయి, పని ముగిసినంతనే మెచ్చుకొన్నచో కొన్ని వారములలో ఇల్లు శుభ్రపడును. చాకొలెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కుక్కకు విషములు. బహుమానముగా నైనను పెట్టరాదు.

కుక్కను పెంచని విద్యార్థులు ఇప్పుడు శ్రద్ధగా చదువుదురు గాక. కుక్క కరచుటకు ముందు సాధారణముగా చెప్పియే కరచును, మనము వినము. తోక ఊపుట ఎల్లప్పుడు సంతోషము కాదు. దేహమంతయు వదులుగా కదలుచు తోక ఊగుట స్నేహము. దేహము కొయ్యబారి, తోక నిటారుగా నిలిచి కొన మాత్రము చిన్నగా కదలుట హెచ్చరిక. నిద్రవేళ కాకున్నను ఆవులించుట, తిండి లేకున్నను మూతి నాకుకొనుట, తల ప్రక్కకు త్రిప్పుట, కంటి తెల్లభాగము చంద్రవంకవలె కనబడుట, తోక కాళ్ల నడుమ దూర్చుట - ఇవి "నాకు భయముగా నున్నది, దూరముగా నుండుము" అను మాటలు. అప్పటికిని వినకున్నచో గుర్రుమనును. గుర్రుమన్నందులకు కొట్టుట మిక్కిలి అపాయకరము. ఆ కుక్కకు భయము పోదు, హెచ్చరించుట మాత్రము మానుకొనును. మరునాడు చప్పుడు లేకుండ కరచును. అనుకొనని వైపునుండి వచ్చు భయమని సరమ చెప్పినది సరిగా ఇదియే. "మొరిగే కుక్క కరవదు" అను సామెతను కూడ నమ్మవద్దు. ఆ సామెత ఆ కుక్కకు తెలియదు.

తిను కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతోనున్న తల్లికుక్కను తాకరాదు. ఇతరుల కుక్కను అడుగక ముట్టరాదు. మెడచుట్టు చేతులు వేసి కౌగిలించుట మనకు ప్రేమ, దానికి చిక్కుబడుట. వీథికుక్క వెంటబడినచో పరుగెత్తవద్దు. పరుగెత్తు దానిని తరుముట దాని పుట్టుగుణము. చెట్టువలె నిలువుడు, చేతులు దగ్గర పెట్టుకొని, దాని కన్నులలోనికి చూడక, అరవక యుండుడు. అది శాంతించిన పిమ్మట మెల్లగా వెనుకకు అడుగులు వేయుడు. క్రిందపడినచో ముడుచుకొని, చేతులతో ముఖమును మెడను కప్పుకొనుడు.

వీథికుక్క అనగానే దుష్టమని తలచుట సరికాదు. కలకత్తాకు చెందిన భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థవారు బెంగాలు వీథికుక్కలపై చేసిన పరిశోధనలు ప్రసిద్ధములు. ఎన్నడును శిక్షణ పొందని ఆ కుక్కలకు దూరమునుండి వ్రేలితో ఒక గిన్నెను చూపగా, దగ్గరకు వచ్చుటకు సాహసించిన వానిలో నూటికి 80 ఆ వ్రేలు చూపిన గిన్నెకడకే పోయినవి. సుమారు సగము మాత్రము దగ్గరకే రాలేదు. మనుష్యులను చూచి బెదరినవి. 2017లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన ప్రకారము, తెలియని మనిషిని నమ్ముటకు వానికి తిండికంటె పదేపదే తల నిమురుట ఎక్కువ తోడ్పడినది. ఇది చదివి రేపు ప్రొద్దున అందరు కుక్కల తలలు నిమురుటకు పోవలదు! అది తెలిసిన పెద్దలు చేయవలసిన పని. మీరు రాయి వేయకుండినచో చాలును. రాయి తిన్న కుక్క మిమ్ములను మాత్రమే కాదు, మీవలె ఏకరూప దుస్తులు ధరించి సంచి తగిలించుకొని వచ్చు చిన్న తరగతి పిల్లనుకూడ శత్రువుగానే చూచును. చెవికొన కత్తిరింపబడిన కుక్క కనబడినచో, అది సంతాననిరోధక శస్త్రచికిత్స పొంది, రేబిస్ టీకా వేయించుకొన్నదని గుర్తు. 2023 గణనమునాటికి మన నగరమున నూటికి 70కి పైగా కుక్కలకు ఈ చికిత్స జరిగినట్లు తేలినది. 2019లో సుమారు 3 లక్షల 10 వేలుగా నున్న సంఖ్య తగ్గుటకు అదియొక కారణము. అయినను టీకా ప్రభావము శాశ్వతము కాదు. గుర్తు కలదని కాటును తేలికగా తీసికొనరాదు.

కడపట ఒక ముఖ్యవిషయము. రేబిస్ లక్షణములు కనబడిన పిదప మందు లేదు. రోగి బ్రతుకుట దాదాపు అసంభవము. అయినను ఆ క్రిమి నరముల వెంట మెదడునకు చేరుటకు సాధారణముగా వారములు, నెలలు పట్టును. ఆ వ్యవధియే మనకు దొరకిన వరము. 1885లో లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల బాలుని టీకాతో కాపాడినదియు ఆ వ్యవధివలననే. కుక్క కరచినను, గీరినను, పుండుపై నాకినను వెంటనే ధారగా పారు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి రాయరాదు. గట్టిగా కట్టు కట్టరాదు. అదే దినమున ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన సూదులన్నియు చెప్పిన తేదీలకు వేయించుకొనవలెను. లోతైన గాయమునకు గాయముచుట్టు వేయు వేరొక మందు కూడ కలదు. దానిని అడిగి వేయించుకొనవలెను.

అనుమానింపదగిన జంతువుల కాటునకు గురియగువారిలో నూటికి 40 మంది పదునైదేండ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క. వారిలో కొందరు ఇంట చెప్పరు. "కుక్కజోలికి ఎందుకు పోయితివి?" అని కొట్టుదురని భయము. చిన్న గీతయే గదా యని చొక్కాచేయి క్రిందికి లాగుకొని తిరుగుదురు. తల్లిదండ్రులకు మా విన్నపము: అట్టి బిడ్డ వచ్చి చెప్పినప్పుడు మొదట కుళాయి త్రిప్పుడు, తిట్లు పిమ్మట చూచుకొందము. విద్యార్థులారా, కుక్కను మీరే రెచ్చగొట్టియుండవచ్చును, పోవద్దన్న సందులోనికి పోయియుండవచ్చును. అది మేము అడుగము. ఇంట చెప్పుటకు భయమైనచో ఆ పూటనే ఉపాధ్యాయుల గదికి వచ్చి మాకు చెప్పుడు. ఆసుపత్రికి మీవెంట మేము వచ్చెదము.